తొమ్మిది చింతగింజలు

మా నాట్యమండలిలో నియంతను గద్దె దించిన రోజున ఆ నియంతే మాకందరికీ చాయ్ పెట్టించాడు. పాలు ఆయనవి, స్టవ్ ఆయనది, మేం కూర్చున్న చాపలు కూడా ఆయన ఇంట్లోవే. ఇంత మర్యాదగా జరిగిన తిరుగుబాటు మరెక్కడా ఉండదని చాలా రోజులు నలుగురికీ చెప్పుకు తిరిగాను. తర్వాత మానేశాను.

ఆయన పేరు గుండయ్య. పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో మూడు తరాలుగా పాల వ్యాపారం. పన్నెండు బర్రెలు, వాటి కొట్టం, కొట్టం ముందు బండలు పరిచిన పెద్ద వాకిలి. ఆ వాకిలే మా మిత్ర నాట్యమండలి. ఆదివారం పొద్దున పాలు పోయడం అయిపోయాక అందరం అక్కడికి చేరేవాళ్ళం. నేను చర్చి నుంచి నేరుగా వచ్చేవాణ్ణి. అందరం ఆయన్ని బాపు అనేవాళ్ళం.

మేం ఆడేది ఒకే నాటకం, మణిగిరి రాణి. గుండయ్య మేనమామ రాశాడు. రాజు యుద్ధానికి పోతాడు, రాణి కోటను కాస్తుంటుంది, శత్రువుతో చేతులు కలిపిన తమ్ముడు వచ్చి కోట తలుపు తీయమని బతిమాలుతాడు. ఆమె తీయదు. అంతే కథ. ఏటా బోనాలు అయిన తర్వాతి ఆదివారం సాయంత్రం జహనుమాలో, గుడి ముందున్న ఖాళీ జాగాలో ఆడతాం. కథ అందరికీ తెలుసు, అయినా వస్తారు.

మేం మొత్తం తొమ్మిది మందిమి. రాణి వేషం సక్కుబాయిది. తమ్ముడు అంజన్, లాడ్ బజార్ పక్క సందులో దర్జీ. చెలికత్తె ఆండాలు, బడిలో ఆయా. హార్మోనియం నర్సింహ, తబలా కైలాసం, సైన్యం మొత్తం కలిపి ఇద్దరు అన్నదమ్ములు. నేను మంత్రిని. నా పేరు ప్రకాశం, ఒక పబ్లిక్ సెక్టర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. గుండయ్య రాజు. మొదటి రంగంలో యుద్ధానికి వెళ్ళి చివరి రంగంలో తిరిగొస్తాడు. మధ్యలో ఎడమవైపు తెర చాటున నల్ల అట్ట పుస్తకం పట్టుకుని నిలబడి, మాట మరిచిపోయిన వాళ్ళకు అందిస్తుంటాడు. ఆ పుస్తకాన్ని ఇంకెవరి చేతా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పుస్తకమే కాదు, అన్నీ ఆయనవే. ఎవరికే వేషం, ఎవరి పాట ఎంతసేపు, తెర ఎప్పుడు లేవాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, అన్నీ ఆయన నోటి నుంచి ఒక్కసారి వచ్చేవి. రెండోసారి తిట్టుతో కలిసి వచ్చేవి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక ఆదివారం అంజన్ షేర్వానీ కుట్టడం ఆలస్యమై అరగంట లేటుగా వస్తే, గుండయ్య అతన్ని రిహార్సల్ అయ్యేదాకా బర్రెల మధ్య నిలబెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి, మనవళ్ళున్నవాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అది డెబ్భై ఆరో సంవత్సరం. మా ఫ్యాక్టరీలో అప్పుడే కార్మికులూ ఆఫీసర్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే కమిటీ పెట్టారు. నేనూ సభ్యుణ్ణి. మూడు మీటింగులకు వెళ్ళొచ్చి, లోకాన్ని ఎలా నడపాలో నాకు తెలిసిపోయిందనుకున్నాను. బర్రెల కొట్టం దగ్గర మొదలుపెడదామనుకున్నాను. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి మాట్లాడాను. అందరూ సరే అన్నారు. తరువాతి ఆదివారం అందరి తరఫునా నేనే నోరు విప్పాను.

"బాపు, ఇగ నుంచి మండలిల పెద్ద అంటు ఎవ్వరు ఉండొద్దు. అందరం బరాబర్."

గుండయ్య చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. ఊదడం ఆపలేదు.

"మరి తెర ఎవరు లేపమంటరు?"

"ఎవరి వంతు ఉంటే వాళ్ళు. వారం వారం పనులు మారుతయి."

"వేషాలు ఎవరిస్తరు?"

"అందరం కలిసి."

"కలిసి ఒప్పుకోకుంటే?"

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. జేబులోంచి చింతగింజల పొట్లం తీసి చాప మీద పోశాను. అష్టాచెమ్మా ఆటకు అరగదీసినట్టు సగం గింజలను ముందురోజే ఆండాలు బండ మీద రెండు వైపులా తెల్లగా అరగదీసి ఇచ్చింది. ఏదైనా మార్పు కావాలని ఎవరైనా అడిగితే ఒక్కొక్కరికీ రెండు గింజలు, ఒక నల్లది, ఒక తెల్లది. మార్చాలనుకుంటే తెల్లది, ఉన్నది ఉన్నట్టు ఉండాలనుకుంటే నల్లది, పిడికిలి మూసి పాలు కొలిచే ఇత్తడి శేరులో వేయాలి. మిగిలిన గింజను బర్రెల కుడితి గాబులో పడేయాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు. తొమ్మిదీ తెల్లవైతేనే మార్పు. ఒక్క నల్లది పడ్డా పాతదే నడుస్తుంది.

"ఒక్కటి పడ్డా?" అన్నాడు నర్సింహ.

"ఒక్కటి పడ్డా. ఎవ్వరి మనసు నొవ్వొద్దు."

ఆ నియమం నేనే ఆలోచించాను. ఫ్యాక్టరీ కమిటీలో ఎక్కువమంది ఎటుంటే అటే పోయేది. దానికన్నా నాది మెరుగని నాకు గర్వంగా ఉండేది.

గుండయ్య గొడవ చేస్తాడనుకుని నేను చాలా జవాబులు కూడగట్టుకుని వచ్చాను. ఆయన ఒక్కటీ అడగలేదు. సాసర్ కింద పెట్టి, "నాకేం పని పడ్డది?" అన్నాడు. చీటీ తీస్తే వాకిలి ఊడవడం పడింది. లేచి చీపురు తీసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"పుస్తకం గుడ వంతులేనా?"

"అదే అసలు పని బాపు. అదే మొదలు మారాలె."

ఆయన సక్కుబాయి వైపు చూశాడు. సక్కుబాయి తన చేతి గాజులు చూసుకుంటోంది. ఆయన గూట్లోంచి పుస్తకం తీసి, దుమ్ము తుడిచి, నా చేతికిచ్చాడు. గెలిచినవాళ్ళు కొన్ని సంగతులు గమనించరు. నేనూ గమనించలేదు.

పిలుపు కూడా మార్చాలని తీర్మానించాం. ఇక బాపు లేదు, గుండయ్య భాయ్ అనాలి. ఒక్కరికీ నోరు తిరగలేదు. అంజన్ ఒకసారి ప్రయత్నించి మధ్యలో దగ్గాడు. సక్కుబాయిని మాత్రం ఎప్పటిలాగే అక్క అనుకోవచ్చన్నాం.

ఆమె గురించి చెప్పాలి. అప్పటికి యాభై రెండేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా రాణి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇంట్లోనే కూర్చుని లాడ్ బజార్ దుకాణాల కోసం లక్క గాజులకు రాళ్ళు అద్దేది. అద్దిన గాజులు దుకాణంలో ఇవ్వడానికి వెళితే సేట్లు నవ్వుతూ "ఆయియే రాణీసాబ్" అనేవాళ్ళు. ఆ మాట కోసమే ఆమె పనిగట్టుకుని బజారు మొత్తం నడిచి వెళ్ళేదని ఆండాలు చెప్పేది. ఏడాదికి ఒక్క సాయంత్రం ఆమె రాణి. మిగతా రోజులన్నీ ఆ సాయంత్రం మీద బతికేది. మా మండలిలో ఎవరికైనా నాటకం ప్రాణమంటే అది ఆమెకే. మాకు అది ఆదివారం కాలక్షేపం.

మొదటి వారం పుస్తకం నా చేతిలో ఉంది. కోట తలుపు రంగం వచ్చింది. అంజన్ అటువైపు మోకాళ్ళ మీద కూర్చుని "అక్కా, తలుపు తీయి" అని ఏడుస్తున్నాడు. ఇటు సక్కుబాయి మాట్లాడాలి. ఆమె మాట్లాడలేదు. రంగం బలంగా ఉండాలని ఆగిందనుకున్నాను. నర్సింహ హార్మోనియం మీద ఒకే స్వరం నొక్కి పట్టుకున్నాడు. ఒక బర్రె అరిచింది. ఆమె ఇంకా ఆగే ఉంది.

వాకిలి చివర్నుంచి, చీపురు ఆపకుండానే, గుండయ్య అన్నాడు. "ఈ తలుపు వెనుక..."

"ఈ తలుపు వెనుక నిలిచినది అక్క కాదు, రాణి," అంది సక్కుబాయి వెంటనే. గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది. ఆ రోజు ఆ రంగంలోనే నాలుగుసార్లు అలా ఆగింది. నేను పుస్తకంలో లైను వెతుక్కునేలోపు గుండయ్య అందించేవాడు. ఆయన చేతిలో పుస్తకం లేదు.

రెండో వారం పుస్తకం అంజన్ వంతు. అంజన్ ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడు. తన మాటలన్నీ ఉర్దూ లిపిలోనే రాసుకుంటాడు. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతాడు. వంతు అంటే వంతే కాబట్టి ఆ పని అతనికే ఇచ్చాం. తలుపుకు రెండు వైపులా వాళ్ళిద్దరే, ఒకరు మాట కోసం చూస్తుంటే ఇంకొకరు గుణింతం కోసం చూస్తున్నారు. సైన్యంలో చిన్నవాడు నవ్వాడు. ఆ వారం గుండయ్య బర్రెను చూపించడానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. సక్కుబాయి ఆ రంగం పూర్తి చేయలేకపోయింది. తలనొప్పి అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

ఈలోగా చింతగింజలు మాత్రం జోరుగా పడుతున్నాయి. తెర రంగు మార్చాలని కైలాసం అడిగాడు, రెండు నల్లవి పడ్డాయి. సైన్యానికి ఒక పాట కావాలని అన్నదమ్ములు అడిగారు, ఐదు నల్లవి. రిహార్సల్ శనివారానికి మార్చమని నేనడిగితే ఒక నల్లది పడింది, అది ఎవరిదో ఇప్పటికీ తెలియదు. అయిదు వారాల్లో ఒక్కటీ మారలేదు. గింజలు వేయడమంటే మనసులో ఉన్నది కడిగేసుకోవడమేననీ, దాంతో ఏమీ జరగదనీ అందరికీ ఒక ధైర్యం వచ్చింది.

ఆరో ఆదివారానికి ఆట రెండు వారాల దూరంలో ఉంది. సక్కుబాయి నాటకం మొత్తంలో పదకొండు చోట్ల ఆగుతోంది. ఎక్కడ ఆగుతుందో కూడా ఒక పద్ధతి లేదు. ఆమె నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఆండాలు మెల్లగా అంది.

"బుక్కు బాపుకే ఇద్దాం. ఆయన ఇస్తే అక్కకు అందుతది."

చాలా తేలికైన మాట. దాన్ని వినుంటే సరిపోయేది. కానీ నేను మూడు మీటింగులు చూసినవాణ్ణి.

"ఇయ్యాల బుక్కు ఇస్తే రేపు గద్దె ఇయ్యాలె. ఒక పని ఒక్కరి చేతులనే ఉంటే పెత్తనం అట్లనే మొదలైతది. ఇంత లొల్లి చేసింది దీనికేనా?"

ఆండాలు తల వంచుకుంది. గుండయ్య కుడితి కలుపుతున్నాడు. "నాకొద్దు," అన్నాడు మా వైపు చూడకుండానే.

"మరేం జేద్దాం?" అన్నాడు నర్సింహ. హార్మోనియం మెట్ల మీద దుమ్ము తుడుస్తూ మళ్ళీ అన్నాడు. "ఆండాలుకు ఆట మొత్తం నోటికొస్తది."

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఇది వెళ్ళి ఆమెకు చెప్పాల్సింది ఎవరన్నదే తేలలేదు. ఇదివరకైతే ఇలాంటి పనికి గుండయ్య ఉండేవాడు. ఇప్పుడు అందరం పెద్దలమే కాబట్టి ఒక్కరూ కదల్లేదు.

సక్కుబాయి కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి మా ముఖాలు చూసింది.

"ఏంది, నా సంగతేనా?"

"అట్లేం లేదక్కా," అన్నాను.

ఆమె చాప మీద కూర్చుంది. "గింజలు ఏద్దాం పట్టుండ్రి. రాణి వేషం ఆండాలుకు ఇయ్యాల్నా అని. నేనే అడుగుతున్న."

అందరికీ గుండె తేలికపడింది. అడిగింది ఆమే, గింజ పట్టుకునేది ఆమే. ఆమె నల్లది వేసుకుంటుంది, అక్కడితో మార్పు ఆగిపోతుంది. మా మనసులో మాట మాత్రం ఆమెకు తెలుస్తుంది. పాఠం మీద కొంచెం శ్రద్ధ పెడుతుంది. పిడికిట్లో రెండు గింజలూ పట్టుకుని నేను ఆలోచించింది ఇదే. తెల్లది శేరులో వేశాను, నల్లది గాబులో పడేశాను. న్యాయంగా ఉన్నాననుకున్నాను.

లెక్కపెట్టడం నా పని. శేరు చాప మీద బోర్లించి ఒక్కొక్కటీ పక్కకు జరుపుతూ చెప్పాను. మొదటిది తెల్లది. రెండోది తెల్లది. అయిదు దాకా మామూలుగానే చెప్పాను. ఏడు దగ్గర జరపడం నెమ్మదించాను. ఎనిమిదోది తెల్లది. మిగిలిన ఒక్కదాన్ని తాకాలంటే భయమేసింది. అది నల్లముఖం కింద దాచుకుని పడి ఉంటుందేమోనని తిప్పి చూశాను. రెండు వైపులా తెల్లగానే ఉంది. శేరు ఎత్తి విదిలించాను. అందులో ఏమీ లేదు.

గాబు దగ్గర ఒక బర్రె మూతి పెట్టి కుడితి తాగుతోంది.

"అయింది గదా," అంది సక్కుబాయి. ముఖంలో ఏమీ కనిపించలేదు. ఇరవై ఏడేళ్ళు రాణి వేషం వేసిన మనిషి. చేతుల నుంచి లక్క గాజులు ఒక్కొక్కటే తీసింది. ఆకుపచ్చవి, రాణి కోసం తానే రాళ్ళు అద్దుకున్నవి. ఆండాలు ముందు పెట్టింది.

"నాకొద్దక్కా," అంది ఆండాలు. ఆమె అప్పటికే ఏడుస్తోంది.

"ఎందుకొద్దు? తీసుకో. జెర వదులైతే దూది పెట్టుకో." ఆమె నా వైపు తిరిగింది. "ప్రకాశం, ఆట రోజు నాకేం పని ఉన్నది?"

వంతుల కాగితం చూశాను. తెర తాడు. కుడివైపు, నాతో కలిపి.

"మంచిగున్నది," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ వారం నేను ఇంటింటికీ తిరిగాను. తిరుగుబాటుకు ముందు తిరిగినట్టే. అంజన్ మిషన్ తొక్కడం ఆపి చెప్పాడు. "అక్క తనకు తాను నల్లది ఏసుకుంటదనుకున్న భాయ్. నేను తెల్లది ఏస్తే ఏమైతది అనుకున్న." నర్సింహదీ అదే మాట. కైలాసందీ అదే. సైన్యం ఇద్దరూ అదే చెప్పారు, ఒకరి మాట ఒకరు పూర్తి చేస్తూ. ఆండాలు తలుపు తీయలేదు, లోపల్నుంచే చెప్పింది. "అక్క ఎట్లనో నల్లది ఏసుకుంటది, నేను గుడ ఏస్తే దొంగ నటన చేసినట్టుంటదనుకున్న." నాతో కలిపి ఏడుగురం, పక్కపక్కనే కూర్చుని, ఒకరితో ఒకరు చెప్పుకోకుండా ఒకటే అనుకున్నాం. ఇంత ఐకమత్యం మా మండలిలో ఎన్నడూ లేదు.

చివరికి కొట్టానికి వెళ్ళాను. గుండయ్య బర్రెను కడుగుతున్నాడు.

"నువ్వన్నా నల్లది ఏస్తవనుకున్న బాపు."

"ఏస్తుంటి," అన్నాడు. "ఒక్క నల్లది పడి ఆగిపోతే మీరేమంటుంటిరి? గుండయ్యనే ఆపిండు, మళ్ళ పెత్తనం జేస్తున్నడు అంటుంటిరి. బరాబర్ అన్నరు గదా. నేను గుడ బరాబర్ ఉందామనుకున్న."

ఆయన గడ్డితో బర్రె వీపు రుద్దుతూనే ఉన్నాడు.

"మూడేండ్ల కింద ఆమెకు టైఫాయిడ్ వచ్చింది, యాదికున్నదా? లేసినంక మాట నిలుస్తలేదు. భుజం జెర ఎత్తుతది, అంటే మర్చిపోయిందన్నట్టు. నేను అప్పుడే అందిస్తుంటి. ఎవ్వరికి చెప్పకు బాపు అన్నది. చెప్పలే."

"మాకు చెప్తే బాగుండు."

"చెప్తే ఏం జేస్తుంటిరి? మీటింగ్ పెడుతుంటిరి."

ఆయన మంచివాడని నేను అనను. అంజన్‌ను బర్రెల మధ్య నిలబెట్టింది ఆయనే, అది తప్పే. ఆ పుస్తకాన్ని మూడేళ్ళు ఎవరి చేతికీ ఇవ్వనిదీ ఆయనే. రెండూ ఒకే మనిషి చేశాడు. మేం ఒకదానికి శిక్ష వేస్తే అది రెండోదానికి తగిలింది.

శుక్రవారం డ్యూటీ దిగి సక్కుబాయి ఇంటికి వెళ్ళాను. గడప దగ్గర వెలుతురులో కూర్చుని గాజులకు రాళ్ళు అద్దుతోంది. పక్కన చిన్న కుంపటి, దాని మీద లక్క మెత్తబడుతోంది. నన్ను చూసి పీట జరిపింది. చెప్పాల్సింది చెప్పాను. అందరూ ఏమనుకుని తెల్లది వేశారో, ఒక్కొక్కరి మాటా చెప్పాను. గుండయ్య మాట కూడా. ఆమె వింటూనే నాలుగు రాళ్ళు అద్దింది.

"మరి నువ్వెందుకు తెల్లది ఏసుకున్నవక్కా?" అన్నాను చివరికి. "నువ్వొక్కదానివి నల్లది ఏస్తే అయిపోతుండె గదా."

ఆమె గాజును వెలుతురుకు పట్టి చూసింది.

"నేను నల్లది ఏస్తే శేరుల ఒక నల్లది ఉంటుండె. అది నాదే అని నాకు తెలుస్తుండె. దాంతోని నాకేమొచ్చె?" ఇంకో రాయి తీసింది. "గందుకే తెల్లది ఏసిన. అప్పుడు ఒక్క నల్లది ఉన్నా అది మీల ఎవరిదో ఒకరిది అయితది. ఎవరిదన్న కానీ. ఒక్కరికన్న నేను కావాల్నని తెలుస్తది అనుకున్న."

కుంపటి మీద లక్క వాసన వేస్తోంది. నా జీవితంలో నేను అంత సిగ్గుపడింది లేదు.

"ఆదివారం మళ్ళ ఏద్దాం అక్కా. అందరు ఒప్పుకున్నరు. ఆండాలు గుడ."

"ఇప్పుడు ఏస్తే అన్ని నల్లయే పడ్తయి."

"పడ్తయి."

"అవి నాకెందుకు ప్రకాశం," అంది. కోపంగా అనలేదు. "రూల్ మంచిదే. నేను గుడ చెయ్యెత్తిన గదా దానికి. ఉండనియ్యి. చాయ్ తాగుతవా?"

తాగి వచ్చాను.

బోనాలు అయిన తర్వాతి ఆదివారం జహనుమాలో ఆట అనుకున్నట్టే జరిగింది. ఎండ దిగేటప్పటికి జనం చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. ఆండాలు ఆకుపచ్చ గాజులతో రాణి అయింది. దూది పెట్టుకున్నా వాటిని మాటిమాటికీ మణికట్టు మీదికి తోసుకుంటూనే ఉంది. గొంతు సన్నం, కానీ ఒక్క మాటా తప్పలేదు. ముందు వరుసలో ఎవరో ముసలమ్మ "రాణి మారింది" అని పక్కావిడకు చెప్పింది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

వంతుల ప్రకారం ఆ వారం పుస్తకం గుండయ్యకు వచ్చింది. అది కాగితం మీద ముందునుంచీ ఉంది, మేమే చూసుకోలేదు. మొదటి రంగంలో యుద్ధానికి వెళ్ళి, కిరీటం తీసి కింద పెట్టి, ఎప్పటిలాగే ఎడమవైపు తెర చాటున నిలబడ్డాడు. కుడివైపు నేనూ సక్కుబాయీ తాడు పట్టుకుని ఉన్నాం. ఆమె మామూలు నేత చీర కట్టుకుంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. వేదికకు ఆ చివర గుండయ్య మాకు ఎదురుగా కనిపిస్తున్నాడు. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

కోట తలుపు రంగం వచ్చింది. అంజన్ మోకాళ్ళ మీద పడ్డాడు. "అక్కా, తలుపు తీయి."

ఆండాలు ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. నా పక్కన సక్కుబాయి భుజం కొంచెం లేచింది.

"ఈ తలుపు వెనుక..." అన్నాడు గుండయ్య అవతల్నుంచి. ఆండాలుకు ఆ అవసరం లేదు, ఆమె అప్పటికే మొదలుపెట్టింది. ఆయన చూస్తున్నది ఆండాలును కాదు.

"నిలిచినది అక్క కాదు, రాణి," అంది సక్కుబాయి. పెదవులు మాత్రమే కదిలాయి. ఆండాలు గొంతు కింద ఆ మాట నాకు ఒక్కడికే వినిపించింది.

ఆ రంగం అయ్యేలోపు ఆయన ఇంకో మూడుసార్లు అందించాడు. మూడుసార్లూ ఆమె అందుకుంది. తర్వాత తెర వేయాల్సి వచ్చింది. ఇద్దరం కలిసి తాడు లాగాం.